చలువ టైల్స్ వేయించాక కూడా స్లాబ్ కారుతోంది, ఏం చేయాలి?

మిర్యాలగూడ వాసి: పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది, ఎవరైనా దారి చెప్పండి. ఎండాకాలంలో కాంట్రాక్టర్‌ను పెట్టి స్లాబ్ మీద చలువ టైల్స్ వేయించాం. ఇక చుక్క కూడా దిగదన్నాడు. మొన్నటి వానకు హాల్లో గోడ వెంబడి మళ్లీ నీళ్లు. కొత్త పెయింటు పొక్కి ఊడిపోతోంది. ఫోన్ చేస్తే "టైల్స్ వరకే మాట్లాడుకున్నాం" అంటున్నాడు. డబ్బులు మొత్తం ఇచ్చేశాం. ఇప్పుడు టైల్స్ అన్నీ పీకేయాల్సిందేనా?

పాలమూరు సివిల్: కింద వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ ఉందా? స్లాబ్ ఎన్నేళ్లది? అవి చెప్పండి ముందు.

దేవరకొండ పెద్దాయన: తమ్ముడూ, మా చిన్నప్పుడు డంగు సున్నంలో ఇటుక ముక్కలు కలిపి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి, చెక్కలతో కొట్టి కొట్టి గట్టిపరిచేవాళ్లు. అంత ఓపిక ఇప్పుడు ఏ మేస్త్రీకి ఉంది? సిమెంటు పనిని కనీసం వారం, ఎండల్లో ఇంకా ఎక్కువ రోజులు తడపాలి. మీవాడు తడిపాడా?

పాలమూరు సివిల్: పెద్దాయనా, ఆయన అడిగింది సున్నం గురించి కాదు.

హాలియా: చలువ టైల్స్ వేడి తగ్గించడానికే. 2023లో మన రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా వేడి కోసమే. నీళ్లు ఆపేది కింది కోటింగ్, వాటం (నీళ్లు జారిపోయే వాలు). పది అడుగులకు కనీసం అంగుళంపావు వాటం ఉండాలి. గోడ వెంబడి దిగుతోందంటే నాకు పిట్టగోడ మొదలు మీదే అనుమానం. స్లాబ్, పిట్టగోడ కలిసే చోట సందు వదిలేస్తారు చాలామంది. అన్నీ పీకొద్దు. స్లాబ్ మీది వాన నీళ్లు బయటికి పోయే పైపు మూసి, మట్టికట్టలతో పైభాగాన్ని విడగొట్టి, ఒక్కో భాగంలో అంగుళం లోతు నీళ్లు రెండు రోజులు నిలపండి. ఎక్కడ నిలిపినప్పుడు కింద తడి వస్తుందో అక్కడే పని.

వనపర్తి: ఇంత మోసం చేస్తే ఊరుకుంటారా? రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కంప్లైంట్ పెట్టండి.

నల్గొండ అడ్వొకేట్: సొంతింటి రిపేరు రెరా కిందికి రాదు. ఇది వినియోగదారుల కమిషన్‌లో వేయాల్సిన కేసు. రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫొటోలు, డబ్బు పంపిన రసీదులు దాచండి.

వనపర్తి: ఒప్పందం కాగితమే లేకపోతే కేసు నిలబడుతుందా సార్?

నల్గొండ అడ్వొకేట్: కాగితం లేకపోయినా మెసేజ్‌లు, బ్యాంకు లెక్క ఉంటే చాలావరకు చూపించొచ్చు. మెటీరియల్ ఎవరిది?

మిర్యాలగూడ వాసి: సిమెంటు, టైల్స్ మేమే కొన్నాం, కూలీ అతనికిచ్చాం. స్లాబ్ నాన్న కట్టించింది, పాతికేళ్లు దాటింది. కోటింగ్ లాంటిదేమీ వేసినట్టు చూడలేదు.

పాలమూరు సివిల్: ఇదే మొదట్లో చెప్తే సగం చర్చ తప్పేది. లేబర్ కాంట్రాక్ట్ అయితే కోటింగ్ అతని బాధ్యత అనలేరు.

నల్గొండ అడ్వొకేట్: ఎందుకు అనలేరు? చుక్క దిగదని మాటిచ్చి కూలీ తీసుకున్నాడు, వినియోగదారుల చట్టం కింద అది సేవే.

దేవరకొండ పెద్దాయన: టైల్స్ సందుల్లో నింపే గ్రౌటింగ్ కూడా చూడండి.

మిర్యాలగూడ వాసి: రేపు మట్టికట్ట వేసి చూస్తాను. థ్యాంక్స్ అన్నా.

వనపర్తి: చలువ టైల్స్ మీకు అడుగుకు ఎంత పడిందండీ?