ఐదు తీగల బేస్ గిటార్ చేయించుకుంటున్నాను: స్కేలు 34 అంగుళాలా, 35 అంగుళాలా?

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మా చర్చి బృందంలో పన్నెండేళ్లుగా నాలుగు తీగల బేస్ వాయిస్తున్న నేను, ఇప్పుడు ఒక హస్తకళాకారుడి చేత ఐదు తీగల గిటార్ చేయించుకోవాలనుకుంటున్నాను. కింది బి తీగ సుమారు 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కనుక, అది వదులుగా ఉండకుండా 35 అంగుళాల స్కేలు (తీగ మోగే భాగం పొడవు) తీసుకోమని ఆయన సలహా ఇచ్చారు.

అదే తీగను అదే శ్రుతిలో ఉంచితే స్కేలు ఒక అంగుళం పెరిగినందుకు బిగువు దాదాపు 6 శాతం పెరుగుతుంది. అయితే 34 అంగుళాల మీదనే 125 బదులు 130 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగ వేసినా దాదాపు అంత బిగువు వస్తుందని నా లెక్క. మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర నా చిటికెన వేలు ఇప్పటికే లాగేస్తోంది, అందుకే నా మనసు 34 వైపే మొగ్గుతోంది. రెండూ వాయించినవారు బి తీగ స్పష్టతలో నిజంగా తేడా విన్నారా?

మరొక చింత సముద్రపు తేమ. వానాకాలంలో నా పాత గిటార్ నెక్ (మెడ) ముందుకు వంగి, పన్నెండో ఫ్రెట్ దగ్గర 2 మిల్లీమీటర్లున్న తీగ ఎత్తు 3 దాకా పోతుంది. నెక్ లోపల దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు బిగిస్తే గానీ దారికి రాదు. అయిదు చెక్కలు అతికించిన మేపుల్ నెక్ సరిపోతుందా, లేక లోపల కార్బన్ కడ్డీలు కూడా పెట్టించాలా? తీరప్రాంతంలో ఉంటున్నవారు తమ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.