పన్ను మినహాయింపు ఉన్న సంపన్న విశ్వవిద్యాలయాన్ని నగర ఖజానాకు తన వంతు చెల్లించమని ఎలా అడగాలి?

ప్రశ్న

మేము అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ నగరంలో పన్నెండేళ్లుగా సొంత ఇంట్లో ఉంటున్నాము. బడులు, అగ్నిమాపక దళం, రోడ్లు ఇక్కడ చాలావరకు ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. నగరంలో విలువైన భూమి చాలావరకు విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. విద్యాసంస్థ కనుక దానికి ఆ పన్ను లేదు. ఆ లోటు ఇళ్ల యజమానుల మీద, అద్దె రూపంలో కిరాయిదారుల మీద పడుతోంది. ఈ ఏడాది మా పిల్లల బడిలో గ్రంథాలయ ఉద్యోగిని తొలగించారు. అదే నెలలో విశ్వవిద్యాలయం మరో భవనం కొనడంతో అది కూడా పన్ను జాబితా నుంచి తొలగిపోయింది. ఇరుగుపొరుగువారం కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాము. చట్టం బలవంతం చేయలేని చోట అడిగి సాధించుకున్న నగరాలు ఉన్నాయా? అసలు మేము ఏమని అడగాలి?

మొదటి జవాబు

ఉన్నాయి. మీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఉదాహరణ కనెక్టికట్‌లోని న్యూ హేవెన్. అక్కడ యేల్ విశ్వవిద్యాలయ సిబ్బంది యూనియన్లు, న్యూ హేవెన్ రైజింగ్ అనే స్థానిక సంఘం ఏళ్ల తరబడి కలిసి పోరాడాయి. 2021లో యేల్ ఎండోమెంట్ నిధి, అంటే విరాళాలతో కూడబెట్టి మదుపు చేసే శాశ్వత నిధి, 4,200 కోట్ల డాలర్లు దాటింది. అదే ఏడాది నవంబరులో, అప్పటికే ఇస్తున్న దానికి అదనంగా 5.2 కోట్లు కలిపి, ఆరేళ్లలో మొత్తం సుమారు 13.5 కోట్ల డాలర్లు నగరానికి ఇవ్వడానికి ఒప్పుకుంది. నా దృష్టిలో అంతకంటే విలువైనది అదే ఒప్పందంలోని మరో షరతు. పన్ను కట్టే ఆస్తిని యేల్ తన విద్యా అవసరాలకు మార్చుకుంటే, నగరం కోల్పోయే పన్నుకు బదులుగా పన్నెండేళ్ల పాటు, క్రమంగా తగ్గుతూ వచ్చే మొత్తాన్ని చెల్లించాలి. మీరు చెప్పిన భవనం వంటి వాటికి సరిగ్గా ఇదే కావాలి. ఆ రాష్ట్రంలో మినహాయింపుల వల్ల నగరాలు కోల్పోయే ఆదాయంలో కొంత ప్రభుత్వమే భర్తీ చేస్తుంది కాబట్టి, మీ శాసనసభ్యులను కూడా కలవండి.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక మాట చేరుస్తాను: ఎంత ఇస్తారని అడగకండి, ఏ లెక్క ప్రకారం ఇస్తారని అడగండి. బోస్టన్ 2012 నుంచి 1.5 కోట్ల డాలర్లకు పైబడిన మినహాయింపు ఆస్తి ఉన్న విద్యా, వైద్య సంస్థలన్నిటినీ, పన్ను ఉంటే కట్టవలసిన దానిలో 25 శాతం ఇమ్మని ఒకే సూత్రంతో అడుగుతోంది. అందులో సగం వరకు నగరవాసులకు చేసే సేవల రూపంలో చూపవచ్చు. ఎవరిని ఎంత అడిగారో, ఎవరు ఎంత ఇచ్చారో నగరమే ఏటా బయటపెడుతుంది. అడిగినంత ఇవ్వని సంస్థలు కూడా ఉన్నాయి, అయితే తక్కువ ఇచ్చిన సంగతి దాగదు.

ఫిలడెల్ఫియా ఇందుకు భిన్నం. అధ్యాపకులు, సిబ్బంది గట్టిగా అడిగాక, 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నగర బడుల్లోని ఆస్బెస్టాస్, సీసం వంటి ప్రమాదాలను తొలగించడానికి పదేళ్లలో 10 కోట్ల డాలర్లు ప్రకటించింది. పిల్లలకు అది నిజమైన మేలు, నేను దాన్ని తక్కువ చేయను. కానీ అది విరాళం కనుక దేనికి, ఎంతకాలం అన్నది ఇచ్చేవారే నిర్ణయించారు.

మూడో జవాబు

విశ్వవిద్యాలయాలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. చిన్న కళాశాలల్లో చాలావాటికి చెప్పుకోదగ్గ నిధి లేదు. వాటిని కూడా కలిపి నిందిస్తే, న్యాయమైన మీ కోరికకు అనవసరంగా శత్రువులను తెచ్చుకుంటారు. ఎండోమెంట్ నిధిలో చాలా భాగం దాతల షరతులకు కట్టుబడి ఉంటుందని సంపన్న విశ్వవిద్యాలయాలు చెప్పేది కూడా అబద్ధం కాదు. అందుకే నిధి పరిమాణం కంటే, వాడుకుంటున్న నగర సేవల ఖర్చును ముందు పెట్టడం మంచిది. కోర్టు దారి కూడా ఉంది. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో కొందరు నివాసులు మినహాయింపును సవాలు చేయగా, విశ్వవిద్యాలయం 2016లో 1.8 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి రాజీపడింది. అయితే ఆ దావా ఏళ్ల తరబడి సాగింది. అంత ఓపిక, న్యాయవాదుల సాయం మీ సంఘానికి ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మేము ఇంతవరకు నిధి ఎంత పెద్దదో చెప్పే కరపత్రాలే పంచుతున్నాము, అది మార్చుకోవాలని అర్థమైంది. వచ్చే సిటీ కౌన్సిల్ సమావేశానికి ముందు, గత పదేళ్లలో పన్ను జాబితా నుంచి తొలగిన భవనాల వివరాలు, వాటి విలువలు ఆస్తులకు విలువ కట్టే నగర అసెసర్ కార్యాలయంలో అడిగి తీసుకుంటాము. విశ్వవిద్యాలయ సిబ్బంది యూనియన్‌లో ఉన్న ఇద్దరు పొరుగువారితో ఈ వారమే మాట్లాడతాను.