అద్దానికి అతుక్కుపోయిన పాత పెళ్లి ఫొటోను బాగుచేయించడం ఎలా?

ప్రశ్న (గుంటూరు): మా నానమ్మ, తాతయ్యల పెళ్లినాటి నలుపు తెలుపు ఫొటో చెమ్మకు పటం అద్దానికి అతుక్కుపోగా, నానమ్మ చెంప నుంచి కాసులపేరు దాకా పసుపు మరక పాకింది. బ్రాడీపేటలో ఒక స్టూడియోవారు ఊడదీస్తేనే స్కాన్ చేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చునా?

జవాబు 1 (విజయవాడ): ఒప్పుకోకండి. బొమ్మ ఉన్న జెలటిన్ పొరే అద్దాన్ని పట్టుకుని ఉంటుంది కనుక, లాగితే ముఖమే ఊడివస్తుంది. అద్దంతో సహా ఫ్లాట్‌బెడ్ స్కానర్‌పై బోర్లించి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో), నలుపు తెలుపు ఫొటోయే అయినా రంగుల్లోనే స్కాన్ చేయించి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా తీసుకోండి. రంగుల స్కాన్‌ను ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లుగా (రంగుల పొరలుగా) విడదీసి చూస్తే, బ్లూ ఛానల్‌లో నల్లగా కనిపించే పసుపు మరక రెడ్ ఛానల్‌లో చాలావరకు మాయమవుతుంది. సగం పని అక్కడే తీరుతుంది.

జవాబు 2: స్కానర్ సీసీడీ రకమేనా (లెన్స్ ఉండి, కాస్త ఎడంగా ఉన్నదాన్నీ స్పష్టంగా పట్టేది) అని ముందే అడగండి. తమ గాజుకు ఆనుకున్నదాన్నే స్పష్టంగా పట్టే పలుచని సీఐఎస్ స్కానర్లలో అద్దం మందానికే బొమ్మ మసకబారుతుంది.

జవాబు 3: ముఖాన్ని మాత్రం ఏఐ యాప్‌కు అప్పగించవద్దు, చెరిగిన చోట అది ఊహించి గీసే కన్ను ఎవరిదో అవుతుంది. వెనుక తెరకూ గోడకూ, పక్క భాగాన్ని నకలు తీసి మరకపై అద్దే క్లోన్ స్టాంప్ అనే ఎడిటింగ్ సాధనం చాలు.