రాతి పనిముట్ల గదిలో పిల్లలు ఆగడం లేదు, ఏం చేయాలి?

సోషల్_టీచర్:
ఆరో తరగతి పిల్లలు 40 మందిని హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. అదే రోజు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని కూడా చూపిద్దామనుకుంటున్నాం. పోయినసారి పిల్లలు రాతి పనిముట్లు వదిలేసి ఈజిప్టు మమ్మీ దగ్గరికే పరుగెత్తారు. ముందుగా క్లాసులో ఏం చేయించాలి?

రాతిపెచ్చు:
మమ్మీని ముందే చూపించేయండి మేడమ్, అది చూసేదాకా ఇంకేదీ తలకెక్కదు.

క్లాసులో చేతిగొడ్డలి (పిడి లేకుండా చేత్తో పట్టుకుని వాడే రాతి పనిముట్టు) నమూనా చేయించండి. బంకమట్టిలో 15 సెం.మీ. పొడవున బాదంగింజ ఆకారంలో గుంట చేయండి. ఒక కప్పు నీళ్లలో రెండు కప్పుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చల్లుతూ నెమ్మదిగా కలపండి. నీళ్లు ఎక్కువైతే అంచులు పొడిగా రాలతాయి, గిలక్కొడితే బుడగలొస్తాయి. సగం పోశాక నడుమ ఒక గులకరాయి పెట్టి మిగతాది పోయండి. ప్లాస్టర్ బరువు రాయిలో సగమే, గులకరాయి లేకపోతే అసలు గొడ్డలి కూడా అంత తేలికే అనుకుంటారు. పూర్తిగా బిగుసుకోకముందే పైముఖాన చెంచాతో పెచ్చులు లేచినట్టు చెక్కించండి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, చేతులు ముంచనివ్వకండి.

నిజం రాయి మాత్రం కొట్టించకండి. పెచ్చు కంట్లో పడుతుంది, పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

కంకర_గుట్ట:
రోడ్డు కంకర గుప్పెడు కూడా తెండి. "వీటికీ పెచ్చులు లేచాయి కదా, ఇవీ పనిముట్లేనా?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. కంకర ఎటుపడితే అటు పగులుతుంది. చేతిగొడ్డలికి రెండు ముఖాలా, అంచు వెంబడి వరుసగా పెచ్చులు తీసి ఉంటాయి. ఆ తేడా చేత్తో తడిమి చూసిన పిల్లలే అద్దాల పెట్టె ముందు ఆగుతారు.

కోటసారస్ మాత్రం ఇంకో రోజుకు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు చూస్తే మనుషులు డైనోసార్లను వేటాడారని రాస్తారు. తప్పదంటే కాలం కొలవడానికి తాడు పట్టించండి, ఈ రోజు నుంచి వెనక్కి సెంటీమీటరుకు వెయ్యేళ్లు. మన కొత్త రాతియుగపు నునుపు గొడ్డళ్లు 5 సెం.మీ. దగ్గర, చెన్నై పక్కన అత్తిరంపాక్కంలో దొరికిన చేతిగొడ్డళ్లు 15 మీటర్ల దగ్గర వస్తాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్‌కు సుమారు 18 కోట్ల ఏళ్లు. దానికి 1.8 కిలోమీటర్ల తాడు కావాలి, బడి గేటు దాటి ఊరి చివరిదాకా!

సోషల్_టీచర్:
సరేనండి, కోటసారస్ తర్వాతే. పొలాల్లో అలాంటి రాళ్లు దొరికితే తెమ్మనచ్చా?

రాతిపెచ్చు:
వద్దండి. దొరికిన చోటు తెలియకపోతే ఆ రాయి చెప్పగలిగేది చాలా తగ్గిపోతుంది. కదపకుండా పక్కన పెన్ను పెట్టి ఫొటో తీయమనండి, సర్వే నంబరు రాసుకోమనండి. ఆ వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి.