రాజీనామా రాసిమ్మని ఒత్తిడి చేస్తున్నారు: నాకున్న హక్కులేమిటి?

ప్రశ్న:
విజయవాడలోని ఒక గృహోపకరణాల షోరూములో ఆరేళ్లకు పైగా అకౌంట్స్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. కొత్త మేనేజరు గారు వచ్చినప్పటి నుంచి చిన్న విషయాలకు కూడా మెమోలు ఇస్తున్నారు. గోడౌను తాళాలు ఏనాడూ నా దగ్గర లేకపోయినా, అక్కడ సరుకు లెక్కలో తేడా వస్తే సంజాయిషీ నన్నే అడిగారు. నిన్న హెచ్ఆర్ వారు పిలిచి, రాజీనామా రాసిస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామనీ, లేకపోతే తీసేస్తామనీ, తీసేస్తే ఇంకెక్కడా ఉద్యోగం రాదనీ అన్నారు. సోమవారంలోపు తేల్చమన్నారు. ఏం చేయమంటారు?

సమాధానం 1 (న్యాయవాది):
ముందు రాజీనామా మాట పక్కన పెట్టండి. ఒకసారి సంతకం చేశాక, అది బలవంతంగా రాయించుకున్నదని నిరూపించే భారం మీ మీదే పడుతుంది. సంతకం చేయకపోతే, మిమ్మల్ని ఎందుకు తీసేశారో చెప్పుకోవలసింది యాజమాన్యమే.

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా తొలగించకూడదు. తొలగించాలంటే నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. ఐదేళ్లు దాటినవారికి ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం కూడా ఉంది. దుష్ప్రవర్తన పేరుతో తీసేయాలంటే ఆరోపణను విచారణలో సాక్ష్యాధారాలతో నిలబెట్టాలి, మీ వాదన వినాలి. మేనేజరుకు మీరు నచ్చకపోవడం కారణం కిందికి రాదు.

గ్రాట్యుటీని (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తాన్ని) ఎరగా చూపితే నమ్మకండి. ఐదేళ్ల సర్వీసు నిండింది కాబట్టి, రాజీనామా చేసినా, వారే తీసేసినా అది మీకు రావలసినదే. అయితే ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందన్న కారణంతో తొలగిస్తే, ఆ నష్టం మేరకు గ్రాట్యుటీని నిలిపివేసే వీలు చట్టంలో ఉంది. అందుకే మిగతా మెమోలన్నిటికంటే ఆ సరుకు తేడా మెమోకు మీరిచ్చే జవాబే ముఖ్యం.

సమాధానం 2 (వేరే సంస్థలో హెచ్ఆర్ విభాగం):
బల్లకు అటువైపు కూర్చునే మనిషిగా చెబుతున్నాను: నోటితో ఇచ్చిన సంజాయిషీ ఫైలులో ఉండదు. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, సరుకు దిగినప్పుడు రిజిస్టరులో ఎవరు సంతకం చేస్తారో, మీ పని ఎక్కడితో ఆగుతుందో కోపం కనిపించకుండా నాలుగు వాక్యాల్లో రాసి, రెండో కాపీ మీద తేదీతో సహా ‘అందినది’ అని సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నిన్నటి మాటలను కూడా, ఎవరెవరున్నారో రాస్తూ, హెచ్ఆర్‌కు ఈమెయిలు చేయండి.

విసిగిపోయి సెలవు పెట్టకుండా ఇంట్లో కూర్చోవద్దు. చెప్పకుండా మానేశారని రాసుకోవడానికి అదే చాలు. ఎప్పుడైనా గేటు దగ్గరే ఆపేస్తే, పనికి వచ్చినా రానివ్వలేదని ఆ రోజే రాసి పంపండి. నియామక పత్రం, పే స్లిప్పులు, మెమోలు మీ దగ్గర ఉంచుకోండి గానీ, కస్టమర్ల వివరాలు, కంపెనీ ఖాతాలు బయటికి తీసుకెళ్లకండి. ఆరోపణకు ఆధారం లేక వెతుక్కుంటున్నవారికి అది మీరే అందించినట్లవుతుంది.

సమాధానం 3:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి, ఆ మేనేజరు కిందే పనిచేయడం అందరి వల్లా కాదు. వెళ్లిపోవడమే మేలనిపిస్తే బేరమాడి వెళ్లండి: నోటీసు జీతం, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, రిలీవింగ్ లెటర్ అన్నీ ముందుగా కాగితం మీదికి వచ్చాకే సంతకం చేయండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఈమెయిలు ఈ రోజే పంపుతాను. సోమవారం నిజంగానే తీసేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సమాధానం 1 (న్యాయవాది):
తొలగింపు ఉత్తర్వు కాపీ తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. దుకాణాల చట్టంలోని 48వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. రెండో దారి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కేంద్ర కార్మిక చట్టం. ముందు రాజీ అధికారికి (ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి వివాదం తేల్చే అధికారికి) దరఖాస్తు చేయాలి, 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు, తొలగించిన నాటి నుంచి రెండేళ్లలోపు. మీరు సూపర్‌వైజరు స్థాయి ఉద్యోగి అని, జీతం నెలకు 18,000 రూపాయలు దాటింది కాబట్టి కోడ్ వర్తించదని వారు వాదించే అవకాశం ఉంది. రోజువారీ మీరు చేసేది గుమాస్తా పనేనని చూపించే కాగితాలు ఆ రోజు పనికొస్తాయి, వాటిని ఇప్పుడే ఒకచోట పెట్టండి. దారి ఏదైనా, బకాయి జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది.