‘దుడ్డుకర్ర’, ‘దండము’, ‘లేమి’: 23వ కీర్తనలోని మాటలు పిల్లలకు ఎలా అందించాలి?

అందరికీ వందనాలు. మా సంఘంలో పదకొండేళ్లుగా సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. ఈ వేసవి వి.బి.ఎస్.కి (సెలవుల బైబిల్ బడికి) బైబిల్లోని 23వ కీర్తన తీసుకున్నాం. ఆరే వచనాలు కాబట్టి పిల్లలు మూడు రోజుల్లో కంఠతా పట్టేశారు. పాస్టరు అయ్యగారు కూడా చాలా సంతోషించారు. నాలుగో రోజు ఎవరికి నచ్చిన వాక్యానికి వాళ్లను బొమ్మ వేయమన్నాను. ఆ బొమ్మలు చూశాకే ఇక్కడ రాయాలనిపించింది.

‘నీ దుడ్డుకర్రయు నీ దండమును నన్ను ఆదరించును’ అన్న చోట ఒక పాప రెండు చేతులు జోడించిన బొమ్మ వేసింది. ‘నా గిన్నె నిండి పొర్లుచున్నది’ అంటే ఇంకొకడికి గిన్నె నేలమీద దొర్లుతూ పోవడం, అన్నమంతా ఒలికిపోవడం. అన్నిటికన్నా నన్ను కదిలించింది ఎనిమిదేళ్ల బాబు వేసిన బొమ్మ. ఖాళీ చేతులు చాపి నిలబడ్డ పిల్లాడు. ఏమిటి నాన్నా ఇది అంటే, ‘నాకు ఏమి కలుగదు’ అన్నాడు. ‘నాకు లేమి కలుగదు’లోని ‘లేమి’ వాడికి ‘ఏమి’గా వినిపించింది. ఇంత గొప్ప మాట వాడి చెవిలో తిరగబడిపోయింది. మూడు రోజులు గట్టిగా పాడాడు, నేను గమనించలేదు.

తోటి టీచర్లు కొందరు ‘లేమి’ తీసేసి ‘కొరత’ అనీ, ‘దుడ్డుకర్ర’ తీసేసి ఉత్త ‘కర్ర’ అనీ పాడిద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వాళ్ల అమ్మమ్మలు ఏ మాటతో పాడారో ఆ మాటే పిల్లల నోట ఉండాలని నా కోరిక. కానీ అర్థం కాకుండా పాడించడం కూడా తప్పే. మీరు ఏమంటారు? ఆటలుగా ఏవైనా ఉంటే చెప్పండి.

జవాబు (మదనపల్లె నుంచి):
అక్కా, మా వైపు ఇంకో చిక్కు ఉంది. మాకు దుడ్డు అంటే డబ్బే. ‘దుడ్లు ఉన్నాయా’ అని రోజూ అంటాం. మా పిల్లలు దుడ్డుకర్ర అంటే డబ్బులు దాచే కర్ర అనుకున్నారు. లావుగా, బలంగా ఉండే కర్ర అని చెప్పి, రోకలంత మందం ఉన్నదొకటి తెచ్చి చేతికిచ్చాను. ఒక్కొక్కరూ ఎత్తి చూశారు. దాని బరువు తెలిశాక మళ్లీ ఎవరూ ఆ మాట అడగలేదు.

జవాబు (నల్గొండ నుంచి):
మా తాతకు గొర్ల మంద ఉండేది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చెట్టు కొమ్మలు వంచడానికి చివర కొక్కెం ఉన్న దోటి. కీర్తనలో రెండు కర్రలు ఎందుకున్నాయో ఆయన్ని చూసిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కీర్తన మూలభాష హెబ్రీలో కూడా అవి రెండు వేర్వేరు మాటలు: షేవెత్, మిష్‌ఎనెత్. మొదటిది తోడేలును తరమడానికి, రెండోది ఆనుకోవడానికి. మన మాటల్లో ఒకటి దుడ్డుకర్ర, ఒకటి ఊతకర్ర. ఉత్త ‘కర్ర’ అని పాడితే ఈ తేడా పోతుంది. దయచేసి మార్చకండి.

ఇంకో మాట. చేతులు జోడించిన ఆ పాప పూర్తిగా తప్పు కాదు. దండం పెట్టడం అనే మాట కూడా కర్ర నుంచే వచ్చింది. దండం లాగా నేలమీద తిన్నగా పడి మొక్కడమే దండప్రణామం. దండన, దండించడం కూడా ఆ కర్రవే. శిక్షను గుర్తుచేసే మాట పక్కనే ‘ఆదరించును’ అని ఉండటం నాకు చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యం.

జవాబు (తెలుగు పంతులు, ఏలూరు):
లేమి గురించి. కలిమిలేములు కావడికుండలు అనే సామెత పిల్లలకు చెప్పండి, జంట మాట దొరుకుతుంది. అయితే రెండింటి చివరా ఉన్న ‘మి’ ఒకటి కాదు. కలుగు నుంచి కలిమి. లేమిలో ఉన్నది వ్యతిరేకార్థపు ‘మి’, చేయకపోవడాన్ని చేయమి అన్నట్టు. అంటే ‘లేకపోవడం’. ఇప్పుడు ‘లేమి కలుగదు’ చూడండి. లేకపోవడం అనేదే కలగదు. రెండు ‘లేదు’లు కలిసి ‘ఉంది’ అవుతున్నాయి. ‘కొరత ఉండదు’ అంటే అర్థం వస్తుంది, ఈ అందం రాదు.

ఆట కూడా చెబుతాను. మధ్యలో నిలబడి బంతి విసురుతూ ‘కలిమి’ అంటే పట్టుకున్నవాళ్లు ‘లేమి’ అనాలి. బలిమి, చెలిమి, తాలిమి లాంటివి వేస్తే పట్టుకోకుండా వదిలేయాలి. పది నిమిషాల్లో ‘లే’ గట్టిగా పలకడం వచ్చేస్తుంది. చెవి పొరపాటుకు మందు నాలుకే.

జవాబు (విజయనగరం నుంచి):
మా దగ్గర ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి కదా, పిల్లలకు ముందు తాళమే నేర్పుతాం. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి వంటివారు కర్ణాటక సంగీతపు వరుసల్లో కీర్తనలు రాశారు కాబట్టి చప్పట్లతోనే పాట నిలబడుతుంది. ఆది తాళం ఎనిమిది దెబ్బలు, వేళ్లు లెక్కపెట్టడం పిల్లలకు ఆటే.

మొదట రాసినవారి జవాబు:
పంతులుగారికి, అన్నకు, చెల్లికి, అందరికీ కృతజ్ఞతలు. మాటలు ఏవీ మార్చలేదు.

బంతి ఆట ఆడాం. గిన్నె కోసం స్టీలు గ్లాసును పళ్లెంలో పెట్టి, ఒక్కొక్కరూ ఒక్కో చెంబు నీళ్లు పోశారు. నీళ్లు అంచు దాటగానే ‘చెరువు అలుగు పొర్లినట్టు’ అని ఒక బాబు తానే అన్నాడు. కర్ర గురించి నల్గొండ అన్న రాసింది చదివాక లేవీయకాండం 27:32 గుర్తొచ్చింది. అక్కడ మంద కాపరి కర్ర కింద నుంచి దాటుతుంది, ప్రతి పదోదీ దేవునికి. అందుకని ఇద్దరు పెద్ద పిల్లలు దుడ్డుకర్ర అడ్డంగా పట్టుకున్నారు, మిగతావాళ్లు వరుసగా కింద నుంచి దూరుతూ కీర్తనలో తర్వాతి మాట ఒక్కొక్కటి చెప్పారు. తడబడితే వరుస చివరికి. మూడుసార్లు తిరిగాక కీర్తన మొత్తం ఆగకుండా వచ్చింది. ఖాళీ చేతుల బొమ్మ వేసిన బాబుకు రెండో చుట్టులో ‘లేమి’ వచ్చింది. ‘లే’ మీద ఒత్తి మరీ పలికాడు.

‘నూనెతో నా తల అంటియున్నావు’ దగ్గర మాత్రం నేను ఏ ఆటా సిద్ధం చేయలేదు. అవసరం కూడా రాలేదు. ‘తలంటు, పండగరోజు మా అమ్మ పోస్తుంది’ అని నలుగురు ఒకేసారి అన్నారు.