కె.ఆర్.పురం దగ్గర చిన్నపిల్లలకు మంచి పార్కు ఉందా?

అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి మూడు నెలలైంది, కె.ఆర్.పురంలో ఉంటున్నాం. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. సాయంత్రమైతే చాలు, బాబు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు!

మా వీధి చివర చిన్న పార్కు ఉంది. ఒక ఉయ్యాల గొలుసు తెగింది. జారుడుబల్ల రేకుది, నీడ లేదు, నాలుగింటికి కూడా కాలుతుంది. మొన్న బాబు తొడలు కమిలిపోయాయి.

ఆదివారం పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్కుకు వెళ్లాం. ప్రవేశం ఉచితం, ఆ రోజు లోపల బండ్లు తిరగవు, పిల్లల్ని వదిలేసి హాయిగా కూర్చున్నాం. కానీ రోజూ అంత దూరం వెళ్లలేం కదా. లాల్‌బాగ్‌లో పెద్దవాళ్లకు టికెట్ ఉంది, పైగా ఆడుకోవడానికని కాదు, చెట్లు చూడ్డానికి బాగుంటుంది.

కె.ఆర్.పురం, మహదేవపుర వైపు టికెట్ లేని పార్కులు తెలిసినవాళ్లు చెప్పండి. ఇసుక గానీ రబ్బరు నేల గానీ ఉంటే మేలు. మరుగుదొడ్డి తప్పనిసరి, పాపతో ఇబ్బందిగా ఉంది. మధ్యాహ్నం మూసేస్తారా, చెరువు పక్కనైతే కంచె ఉందా అన్నది కూడా రాయగలరు. మాకు స్కూటరే ఉంది, ఐదారు కిలోమీటర్ల లోపు చాలు.